రమ్మీ: చేతిలో రెండు జోకర్లున్నా 80 ఎందుకు రాశారు?

ప్రశ్న: అక్కా, నమస్తే. మా పుట్టిల్లు మిర్యాలగూడ దగ్గర పల్లె. పెళ్లయి ఏడాదిన్నర అయింది. అత్తగారి ఊరు దేవరకొండ వైపు. ఆ ఇంట్లో పండుగ వచ్చిందంటే రాత్రి భోజనాలయ్యాక చాప పరిచి పత్తాలకు కూర్చుంటారు. మామయ్య, అత్తమ్మ, మరిది, ఆడబిడ్డ, అందరూ రమ్మీలో ఆరితేరినవాళ్లే. మా అమ్మవాళ్లింట్లో పేక ముట్టనిచ్చేవాళ్లు కాదు. మా మేనమామ పత్తాల్లో రెండెకరాలు పోగొట్టుకున్నాడు.

మొన్న దసరాకు నన్ను ఐదో మనిషిగా కూర్చోబెట్టారు. రూల్స్ రెండు నిమిషాల్లో చెప్పేశారు. ఒక ఆటలో నాకు రెండు జోకర్లు (ఏ ముక్క బదులైనా వాడుకునేవి) వచ్చాయి. మూడు కట్టలు కుదిరాయి, ఇంకొక్కటి కుదిరితే షో (పదమూడూ కుదిరాయని చూపించి ఆట ముగించడం) అనుకుంటుంటే మరిది షో కొట్టాడు. నా ముక్కలు చూసి మామయ్య 'లైఫ్ లేదు, ఫుల్ కౌంట్' అని నా పేరు కింద 80 పాయింట్లు రాశాడు. ఈ ఆటలో పాయింట్లు పడితే నష్టమే. అందరూ నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ ముక్కల్ని ఫోటో తీసుకున్నాను. ఇవీ అవి: ఎనిమిదులు మూడు (ఆఠీన్, ఇస్పేట్, కళావర్). ఇస్పేట్ రాణి, రాజు, పక్కన బొమ్మ జోకర్. ఆఠీన్ ఏడు, తొమ్మిది, మధ్యలో డైమన్ ఆరు (ఆ ఆటకు జోకర్‌గా కోసింది ఆరు, అందుకని ఆరులన్నీ జోకర్లే). ఇవి కాక డైమన్ రాజు, కళావర్ జాకీ, డైమన్ రెండు, కళావర్ నాలుగు.

సంక్రాంతిలోపు ఈ ఆట నేర్చుకోవాలని పట్టుదలగా ఉంది. మా ఆయన ఫోన్‌లో యాప్ వేసుకుని నేర్చుకో అంటాడు. అమ్మకు చెబితే 'ఆ పాడు ఆట జోలికి పోవద్దు' అంటోంది. అసలు పదమూడు ముక్కలు చేతిలో పట్టుకోవడమే రావడం లేదు. ఏం చేయమంటారు?
ఒక చెల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: చెల్లీ, నీ చేతిలో లైఫ్ ఉంది.

నీ ఉత్తరం చదవగానే అలమారలోంచి పేక తీసి, ఆ పదమూడు ముక్కల్నీ మంచం మీద పరిచాను. నువ్వు కూడా పరిచి చూడు. మూడు ఎనిమిదుల్లోంచి ఆఠీన్ ఎనిమిదిని బయటికి లాగు. ఆఠీన్ ఏడుకీ తొమ్మిదికీ మధ్య జోకర్‌గా పెట్టిన డైమన్ ఆరును తీసేసి, ఆ చోట ఈ ఎనిమిదిని పెట్టు. ఆఠీన్ ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒకే గుర్తు, వరసగా మూడు, మధ్యలో జోకర్ సాయం లేదు. లైఫ్ అంటే అదే. ఇప్పుడు చేతికి మిగిలిన డైమన్ ఆరును తక్కిన రెండు ఎనిమిదుల పక్కన పెట్టు, మూడో ఎనిమిదిగా పనిచేస్తుంది. ఇస్పేట్ రాణి, రాజు, బొమ్మ జోకర్ ఎలాగూ రెండో వరస, అంటే సీక్వెన్స్. ఇక లెక్కకు వచ్చేవి నాలుగే ముక్కలు: రాజు పది, జాకీ పది, రెండు, నాలుగు. మొత్తం 26.

అంటే నువ్వు ఆ రాత్రి ఒక్క ముక్క చోటు మార్చి ఉంటే, పుస్తకంలో 80 బదులు 26 పడేది. నవ్విన నలుగురిలో ఒక్కరికైనా ఇది కనపడే ఉంటుంది. లెక్క రాసే మీ మామయ్యకు కనపడలేదంటే నేను మాత్రం నమ్మను. అది తప్పని అనడం లేదు. షో అయ్యాక ఎవరి ముక్కలు వాళ్లే సర్దుకుని చూపించాలి, ఇంకొకరు సర్దిపెట్టరు. కానీ మొదటిసారి కూర్చున్న కోడలికి 'ఇంకోసారి చూసుకోమ్మా' అని ఒక మాట అంటే పోయేదేమీ లేదు. సరే, అది మీ ఇంటి సంగతి.

80 ఎలా వచ్చిందో కూడా చూడు. లైఫ్ లేకపోతే చేతిలో కుదిరినవి, కుదరనివి అన్నీ లెక్కలోకి వస్తాయి. జోకర్లు సున్నా. మూడు ఎనిమిదులు 24, ఇస్పేట్ రాణి, రాజు 20, ఏడు, తొమ్మిది కలిపి 16, తక్కిన నాలుగూ 26. కూడితే 86. 80 దాటినా 80 దగ్గరే ఆపుతారు కాబట్టి ఆ ఆరు పాయింట్లు నీకు మాఫీ. రెండు జోకర్లున్నా అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే. మొదటి వరస జోకర్ లేకుండా కట్టాలి, రెండోది సీక్వెన్సే అయి ఉండాలి, దానికి జోకర్ వాడుకోవచ్చు. ఈ రెండూ ఉంటేనే తక్కిన సెట్లకు (ఒకే అంకె ఉన్న కట్టలకు) విలువ. ఇంకో చిన్న లెక్క కూడా కొత్తవాళ్లు మరిచిపోతారు. నాలుగు మూళ్లు పన్నెండే. పదమూడు కావాలంటే ఎక్కడో ఒకచోట కనీసం నాలుగు ముక్కల కట్ట ఉండాల్సిందే. నీకు ఇంకా మూడు ముక్కలు కుదిరితే షో అయ్యేది కాదు, నాలుగు కుదరాలి.

ఆఠీన్ ఎనిమిది నీ కంటికి ఎందుకు ఆనలేదో నాకు తెలుసు. ఒకే అంకె ఉన్న ముక్కలు మూడు కనపడగానే కళ్లు అక్కడే ఆగిపోతాయి. కొత్తవాళ్లందరికీ అంతే. వరసను వెతకాలి, అంకెల జత మాత్రం వెతక్కుండానే కనపడుతుంది. అందుకే ముక్కలు చేతికి రాగానే ముందు గుర్తుల ప్రకారం విడదీయి. ఆఠీన్ పక్కన డైమన్ పెట్టకు, రెండూ ఎరుపే కాబట్టి తొందరలో కలిసిపోతాయి. ఎరుపు, నలుపు, ఎరుపు, నలుపు అలా పెట్టు. ఆ తర్వాతే ఒకే అంకెల వైపు చూడు. (మధ్యలో ఒక ముచ్చట: డచ్చి భాషలో ఈ గుర్తులను క్లావర్, హార్టెన్ అంటారు. మన కళావర్, ఆఠీన్ మాటల్ని వాటి పక్కన పెట్టి చూడు. మా తాత మాత్రం జాకీని చివరిదాకా గులాం అనే పిలిచాడు.)

ఇంతవరకూ సర్దడం గురించి. నీ ఉత్తరంలో నాకు ఇంతకంటే ఎక్కువ పట్టింది ఆ డైమన్ రాజు.

వంతు వచ్చినప్పుడల్లా ఒక ముక్క ఎత్తి ఒకటి పడేస్తాం కదా, మరి అది ఇంకా నీ చేతిలో ఎందుకుంది? ఇస్పేట్ రాజు ఉంది కాబట్టి ఇంకో రాజు వస్తే సెట్ అవుతుందనా? కానీ ఇస్పేట్ రాజు అప్పటికే రాణి పక్కన పనిలో ఉన్నాడు. ఈయన ఒంటరి. పెద్ద ముక్క, బొమ్మ ఉన్న ముక్క, పడేయడానికి చేతులు రాలేదు, అంతే కదా? రమ్మీలో రాజు గొప్పేమీ లేదు. ఆయన పోగలిగిన వరసలు రెండే: జాకీ రాణి రాజు, రాణి రాజు ఆసు. అదే ఏడును చూడు, ఐదు ఆరు ఏడు, ఆరు ఏడు ఎనిమిది, ఏడు ఎనిమిది తొమ్మిది, మూడు వరసల్లో ఇముడుతుంది. పైగా అవతలివాళ్లు షో కొడితే ఏడుకు ఏడే పడతాయి, రాజుకు పది. తక్కువ దారులు, ఎక్కువ బరువు. జోడీ లేని రాజును మొదటి రెండు మూడు వంతుల్లోనే పడేసేయాలి. కళావర్ జాకీకీ అదే లెక్క. ఆ రెండూ పోయి ఉంటే, వాటి చోట ఏ చిన్న ముక్కలు వచ్చినా నీ కౌంట్ 26 కూడా అయ్యేది కాదు.

'ఆగితే ఏదో ఒకటి వస్తుంది' అని అందరికీ ఉంటుంది. ఎంతసేపు ఆగగలవో లెక్క వేద్దాం. మీరు ఐదుగురు. రెండు పేకలు 104 ముక్కలు, పేకకు ఒక బొమ్మ జోకర్ వేసుకుంటే 106. మనిషికి పదమూడు చొప్పున 65 పంచేశారు. జోకర్ కోసం కోసింది ఒకటి, పైకి తెరిచింది ఒకటి. మూసిన కట్టలో మిగిలేవి 39. ఐదుగురికీ కలిపి 39 అంటే నీ వంతుకు ఏడెనిమిది ముక్కలు. అంతలోపే ఎవరో ఒకరు షో కొడతారు. ఏడెనిమిది ముక్కల కోసం డైమన్ రాజును మోయడం ఎందుకు?

ఇంకో లెక్క చెబుతాను, ఇది వస్తే ఆట సగం వచ్చినట్టే. రెండు పేకలు కాబట్టి ప్రతి ముక్కా రెండేసి ఉంటాయి. నీ దగ్గర డైమన్ నాలుగు, ఐదు ఉన్నాయనుకో. మూడు వచ్చినా ఆరు వచ్చినా వరస అవుతుంది, అంటే నాలుగు ముక్కలు నీకు పనికొస్తాయి. నాలుగు, ఆరు ఉంటే మధ్యలో ఐదే రావాలి, రెండే ముక్కలు. ఆసు, రెండు ఉన్నా అంతే, మూడు ఒక్కటే దిక్కు. వేర్వేరు గుర్తుల తొమ్మిదులు రెండుంటే తక్కిన రెండు గుర్తుల్లోంచి నాలుగు ముక్కలు. ఒకే గుర్తు తొమ్మిదులు రెండొస్తే మురిసిపోకు, సెట్‌కు గుర్తులు వేరు వేరుగా ఉండాలి, అందులో ఒకటి దండగ.

అన్నిటికంటే మంచి కాంబినేషన్ ఇలా ఉంటుంది. ఇస్పేట్ తొమ్మిది, ఇస్పేట్ పది, డైమన్ తొమ్మిది. ఇస్పేట్ ఎనిమిది గానీ జాకీ గానీ వస్తే వరస: నాలుగు ముక్కలు. ఆఠీన్ తొమ్మిది గానీ కళావర్ తొమ్మిది గానీ వస్తే సెట్: ఇంకో నాలుగు. మూడే ముక్కలు పట్టుకుని ఎనిమిది ముక్కల కోసం చూస్తున్నావన్నమాట. అలాంటివి మధ్య అంకెల్లోనే ఎక్కువ దొరుకుతాయి. అందుకే పాత ఆటగాళ్ల చేతుల్లోంచి మొదట రాజులు, ఆసులు రాలతాయి. మీ ఇంట్లో ఆసుకు ఎంత లెక్కో ముందే అడుగు, ఎక్కువచోట్ల పది. ఆసు రెండు మూడుతోనూ కలుస్తుంది, రాణి రాజుతోనూ కలుస్తుంది. రాజు ఆసు రెండు అని మాత్రం చుట్టూ తిప్పనివ్వరు.

నేను ఈ ఆట నేర్చుకున్నది పానగల్లులో, మా మేనత్త ఇంటి అరుగు మీద. ఎండాకాలం సెలవుల్లో కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే అందరం అక్కడికి చేరేవాళ్లం. ఆమె దగ్గర రెండు పాత పేకలుండేవి, వాడి వాడి ముక్కలు గుడ్డపేలికల్లా వంగేవి. పాయింట్లకు చింతగింజలు. కళావర్ తొమ్మిది ఒకటి ఎప్పుడో పోయింది. దాని బదులు ఎవరిదో పెళ్లిపత్రికను అదే సైజుకు కత్తిరించి, నీలం పెన్నుతో 9 వేసి, పక్కన మూడు రెక్కల గుర్తు గీసింది. వెనక వైపు వినాయకుడి బొమ్మ సగం కనపడేది. ఆ ముక్క ఎవరి చేతిలో ఉందో అరుగు మీద కూర్చున్న అందరికీ తెలుసు. దాంతో ఏమయ్యేదంటే, ఆ ముక్క పట్టుకున్న మనిషి తన పక్కనుంటే కళావర్ ఎనిమిది, పది ఎవరూ పడేసేవాళ్లు కారు. తొమ్మిదులు అసలే పడేసేవాళ్లు కారు. ఎదుటివాళ్ల చేతిలో ఒక్క ముక్క తెలిస్తే మన ఆట ఎంత మారిపోతుందో నాకు అక్కడ అర్థమైంది.

మీ ఇంటి కొత్త పేకలో అలాంటి ముక్క ఉండదు. కానీ పైన పడ్డ ముక్కను ఎవరైనా ఎత్తుకున్నారంటే, దాని వెనక వినాయకుడి బొమ్మ ఉన్నట్టే లెక్క. అది వాళ్ల చేతిలో ఉందని నువ్వు కళ్లారా చూశావు. అందరివీ గుర్తుపెట్టుకోవాలని మొదట్లోనే ప్రయత్నిస్తే తల తిరిగిపోతుంది. నీ తర్వాత ఆడే ఒక్క మనిషిని చూడు. నువ్వు పడేసిన ముక్క ఎత్తుకునే హక్కు వాళ్లకే కదా. ఆ మనిషి డైమన్ ఐదు ఎత్తుకుంటే, ఇక డైమన్ మూడు నుంచి ఏడు దాకా నీ చేతిలోంచి జారనివ్వకు, వేరే గుర్తు ఐదులు కూడా. వాళ్లు కళావర్ పది పడేశారా, నీ దగ్గరున్న కళావర్ పదిని ధైర్యంగా పడేయొచ్చు. రెండో సంగతి, నీకు కావాల్సిన ముక్క ఒకటి నీ కళ్లముందే ఎవరి చేతిలోకో పోయిందనుకో, ఇంకొకటే మిగిలిందని గుర్తుపెట్టుకో. రెండూ పోతే ఆ ఆశ వదిలేసి ఆ జతను విడగొట్టేయి. మొదటి నెల రోజులకు ఈ రెండు సంగతులు చాలు.

ఎర వేసేవాళ్లు కూడా ఉంటారు. ఇస్పేట్ పది కావలసిన మనిషి ముందుగా ఆఠీన్ పది పడేస్తారు, 'ఓహో, వీళ్లకు పదులతో పనిలేదు' అనుకుని నువ్వు ఇస్పేట్ పది పడేస్తావని. మీ అత్తమ్మ ఆ రకమేమో చూసుకో. పిండివంటలు చేస్తూ మధ్యలో వచ్చి ఆడే ఆడవాళ్లను తక్కువ అంచనా వేసి నేను చాలాసార్లు దెబ్బతిన్నాను.

ఇక సాధన. రోజూ ఇరవై నిమిషాలు చాలు, ఒక్కదానివే ఉన్నప్పుడు. రెండు పేకలు కలిపి పదమూడు ముక్కలు తీసుకో, ఒక జోకర్ కోసుకో. సర్దు. లైఫ్ ఉందా, దాని దగ్గరికి తీసుకెళ్లే జత ఏది, ముందు పడేయాల్సింది ఏది, ఈ మూడూ పైకే అనుకో. కలిపేసి మళ్లీ తీసుకో. మొదట ఒక్కో చేతికీ మూడు నిమిషాలు పడుతుంది. వారం తిరిగేసరికి అర నిమిషంలో అయిపోతుంది. ఆ తర్వాత మీ ఆయన్నో ఆడబిడ్డనో కూర్చోబెట్టుకుని ఇద్దరూ ముక్కలు తెరిచిపెట్టి ఆడండి. 'ఇది ఎందుకు పడేశావు?' అని ఒకరినొకరు అడగండి. మా మేనత్త నాకు వారం రోజులు అలాగే నేర్పింది. ఎనిమిదో రోజు ముక్కలు మూసి ఆడి నా చింతగింజలన్నీ ఊడ్చుకుపోయింది.

స్కూట్ గురించి మీవాళ్లు నీకు చెప్పినట్టు లేదు, ఉత్తరంలో ఆ ఊసే లేదు. ముక్కలు బాగా లేకపోతే ఒక్క ముక్క కూడా ఎత్తకముందే ఆట వదిలేయొచ్చు. దానికి 20 రాస్తారు. మధ్యలో వదిలేస్తే 40. కొన్నిచోట్ల అంకెలు మారతాయి, అడిగి తెలుసుకో. కొత్తవాళ్లకు స్కూట్ అంటే పరువు తక్కువ. అందరూ ఆడుతుంటే మనం చేతులు ముడుచుకుని కూర్చోవాలనిపించదు. కానీ నాలుగు స్కూట్లు కలిస్తే ఒక్క ఫుల్ కౌంట్. నా పద్ధతి చెబుతాను. జోకర్ ఒక్కటీ లేదు, లైఫ్ లేదు, ఒకే గుర్తులో పక్కపక్కనున్న జతలు రెండు కూడా లేవు, అప్పుడు వదిలేస్తాను. జోకర్లు రెండున్నా లైఫ్‌కు దారి కనపడకపోతే ఆలోచిస్తాను. నీకు వచ్చిన చేయి మాత్రం వదిలేసే చేయి కాదు. నేనైనా ఆడేదాన్నే.

షో కొట్టేముందు రెండుసార్లు లెక్కపెట్టుకో. తప్పు షోకు కూడా 80 రాస్తారు, దానికి నవ్వు ఇంకా పెద్దగా ఉంటుంది.

ఇప్పుడు అమ్మ మాట. దీన్ని తేలిగ్గా తీసుకోలేను, ఎందుకంటే మా ఇంట్లోనూ అలాంటి మనిషి ఉన్నాడు. మా చిన్నాయన. యాసంగి వడ్లు మిల్లుకు తోలి, పైసలు తీసుకుని ఇంటికి రాకుండా ఎక్కడో గదిలో మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజు వచ్చేసరికి జేబులో బస్సు టికెట్ తప్ప ఏమీ లేదు. చిన్నమ్మ ఒక్క మాట అనలేదు. ఇంట్లో ఉన్న పేక తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది. ప్లాస్టిక్ పూత ముక్కలు కదా, ఆ వాసన వంటింట్లోంచి రెండు రోజులు పోలేదు. ఆయన ఆట రాక పోగొట్టుకున్నాడని అనుకునేవు. ఆయన చాలా బాగా ఆడేవాడు. 'నాకు ఆట వచ్చు' అన్న నమ్మకమే ఆయన్ను అక్కడినుంచి లేవనివ్వలేదు.

రమ్మీ అదృష్టమా నేర్పా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో. మూడు ముక్కలాటలా ఇది ఉత్త అదృష్టం కాదని, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తెలియడానికి నేర్పు కావాలని కోర్టు అంది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. జడ్జీలకు కూడా పడేయడమే కష్టమనిపించింది కదా అని. అయితే 2017లో మన రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించింది. నేర్పున్న ఆటైనా సరే, డబ్బు పందెం పెడితే మినహాయింపు లేదంది. ఆన్‌లైన్ ఆటల్నీ అందులోకే తెచ్చింది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది.

కాబట్టి అమ్మకు ఇలా చెప్పు: ముక్కలు పట్టుకుంటాను, పైసలు పెట్టను. ఒక నోటు పుస్తకం, చింతగింజలు, ఓడినవాళ్లు తెల్లారి అందరికీ చాయ్ పెట్టాలి, అంతవరకే. పండుగ ఊపులో ఎవరైనా 'పాయింటుకు రూపాయి వేసుకుందాం, ఉత్తగా ఏం మజా' అంటే, వంటింట్లో పనుందని లేచి రా. కొత్త కోడలికి ఆ సాకు ఎప్పుడూ చెల్లుతుంది. మేనమామ రెండెకరాలు చూసిన కళ్లు మీ అమ్మవి. ఆమె ఒకటి రెండు మాటలు ఎక్కువ అన్నా పడు.

యాప్ వద్దు. డబ్బుల్లేకుండా ఆడుకునేవి ఉన్నా సరే, నీకు వద్దంటాను. వాటిల్లో ఒక బటన్ నొక్కితే ముక్కల్ని అదే సర్దిపెట్టేస్తుంది. నీకు రావాల్సిందే అది. ఆఠీన్ ఎనిమిదిని నీ చేత్తో నువ్వు లాగాలి. పైగా ఫోన్‌లో మీ మరిది మొహం కనపడదు. కావాల్సిన ముక్క వచ్చినప్పుడు కుర్రాళ్లు ఒక్క క్షణం కదలకుండా కూర్చుంటారు, గమనించు.

పదమూడు ముక్కలు పట్టుకోవడం గురించి అడిగావు. కొత్త ముక్కలు జారతాయి, అది నీ తప్పు కాదు. చిన్న చేతులైతే ఎడమచేతి నాలుగు వేళ్లూ వెనకనుంచి ఆసరాగా పెట్టి, బొటనవేలు ముక్కల కింది మూల మీద ఆనించి, అక్కడినుంచి విసనకర్రలా విప్పు. మూలనున్న అంకె, గుర్తు కనపడితే చాలు, బొమ్మంతా కనపడాల్సిన పనిలేదు. కొందరు కుదిరిన వరసను మడిచి ఒక పక్కకు పెట్టి, కుదరని వాటినే విప్పుకుంటారు. సుఖంగానే ఉంటుంది, కానీ మూడు ముక్కలు మడవగానే 'లైఫ్ అయింది' అని ఎదుటివాళ్లకు చాటినట్టే. మా మేనత్త నా ముక్కల వంక చూసేదే కాదు, నా చేతుల వంక చూసేది.

కూర్చునే చోటు కూడా చూసుకో. నీకు దొరికేది నీ ముందు ఆడే మనిషి పడేసిన ముక్కే. మీ నలుగురిలో పెద్దగా ఆలోచించకుండా టకటకా పడేసేది ఎవరో దసరాకు చూసే ఉంటావు, వాళ్ల తర్వాత కూర్చో. మరిది తర్వాత మాత్రం కూర్చోకు. సంక్రాంతి రాత్రి నీ పేరు కింద ఎంత రాశారో ఉత్తరం రాయి. చేతిలో మిగిలిన ముక్కల ఫోటో కూడా తీసుకో, ఇంకేమైనా ఎనిమిది దాక్కుందేమో చూద్దాం.